హారన్ లేని బండి

స్వర్ణ గురించి ఎవరైనా అడిగితే నేను ముందుగా ఆ పిల్ల చెవుల గురించి చెబుతాను. బుర్ర సంగతి తరువాత. విజయనగరంలో ఒక ఇంజనీరింగు కాలేజీలో నేను ఫిజిక్సు చెప్పేవాణ్ణి. ఆమె నా దగ్గర చదువుకుని, ఆ తరువాత అక్కడే లెక్కల లెక్చరరుగా చేరింది. స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతూ దిద్దుతూ తల ఎత్తకుండానే, "జగన్నాధం మాస్టారూ, ఫ్యాను అర స్వరం దిగింది. ఓల్టేజీ పడిపోతన్నాది" అనేది. కాసేపటికి కరెంటు పోయేది. కొత్తగా చేరినవాళ్ళు ఆమెకేదో శక్తి ఉందనుకునేవాళ్ళు. అలాంటి మాటలు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఫ్యాను వేగం తగ్గితే దాని శబ్దం దిగుతుంది, చెవులున్నవాళ్ళకి వినపడుతుంది. అంతకు మించి అందులో ఏమీ లేదు.

ఆ చెవులు ఆమెకి సాలూరు ఇచ్చింది. ఆ ఊళ్ళో ఇంటికో లారీ లేకపోయినా ఇంటికో డ్రైవరో, క్లీనరో, మెకానిక్కో ఉంటాడు. స్వర్ణ నాన్న ఏసుదానం లారీ డ్రైవరు, అమ్మ ఎలీసమ్మ, తమ్ముడు జాన్. చిన్నప్పుడే స్వర్ణ చర్చిలో హార్మోనియం వాయించేది. ఏసుదానం తన బండికి రెండు గొట్టాల గాలి హారన్ పెట్టించుకున్నప్పుడు, కూతుర్ని హార్మోనియంతో సహా షెడ్డుకి తీసుకెళ్ళి శ్రుతి కలిపించాడట. ఒక గొట్టం 'స', రెండోది 'ప'. రెండో గొట్టానికి సొట్ట పడి 'ప' కాస్త కిందికి జారింది. సరిచేస్తానంటే వద్దన్నాడట. ఆ జారుడు స్వరంతోనే వీధి మలుపులో హారన్ కొట్టేవాడు, అది వినపడగానే లోపల ఎలీసమ్మ కంచం పెట్టేది.

స్వర్ణ డిగ్రీలో ఉండగా ఏసుదానం పోయాడు. ఒడిశా నుంచి అల్లం బస్తాలతో కొండల మీది ఘాటీ రోడ్డు దిగుతుంటే బండికి గాలి పోయింది. లారీల్లో బ్రేకుకీ హారనుకీ గాలి ఒకే ట్యాంకులోంచి వస్తుంది. అంటే బండి ఆగదు, ఆగడం లేదని అరవనూ లేదు. కిందనుంచి అప్పలసూరి అనే సాలూరు డ్రైవరే ఎక్కి వస్తున్నాడు. ఘాటీలో ఎక్కే బండికే దారి, అది అందరూ ఒప్పుకున్న రూలు. అతను తన దారిన తను వచ్చాడు. ఏసుదానం అతన్ని గుద్దకుండా స్టీరింగు లోయవైపు తిప్పేశాడు.

మనిషిని పైకి తెచ్చి చర్చి వెనక సమాధి చేశారు. లారీని మాత్రం వదిలేశారు. ఆ ఇనుముకి వచ్చేదానికంటే క్రేనుకే ఎక్కువవుతుందన్నారు. బంధువులు జ్ఞాపకార్థ కూడిక పెడదామన్నప్పుడల్లా ఎలీసమ్మది ఒకటే మాట. "మనిషిని తెచ్చినారు. బండి ఇంకా దిగలేదు. అది దిగినాక సూద్దాం."

ఆవిడకి మతి కాస్త చలించిందని ఊరు అనుకుంది, నేనూ అనుకున్నాను. మిగతా విషయాల్లో ఆవిడంత నిబ్బరంగల మనిషిని నేను చూడలేదు. జాన్ డ్రైవరవుతానన్నప్పుడు కూడా ఏడవలేదు. "గాలి సూసుకోరా" అని మాత్రం అంది.

రెండువేల పదిహేనులో హరిబాబు కాలేజీకి వచ్చాడు. సాలూరులో ఆయనకి ట్రాన్స్‌పోర్టు ఆఫీసుంది, జాన్ ఆయన దగ్గరే బండి తోలేవాడు. ఘాటీలో తన లారీలకి టైమెక్కడో పోతోందని, డీజిలు తగలడిపోతోందని, ఎక్కడ పోతోందో కంప్యూటరులో కట్టి చూపించమని స్వర్ణని అడిగాడు.

ఈ విద్య గురించి రెండు ముక్కలు చెప్పాలి. పైపులో నీళ్ళు, బజారులో ధరలు, వీణ మీద తీగె, రోడ్డు మీద లారీలు చూడటానికి దేనికదే. లెక్కలోకి దించితే అన్నీ దాయాదులే. ఒకచోట ఒత్తిడి పెరిగితే అది పక్కకి పాకుతుంది. ఎంత వేగంగా పాకుతుందో చెప్పడమే మా పని. దాన్ని మోడల్ అంటాం. లోకాన్ని పట్టుకొచ్చి పెట్టెలో పెట్టడం కాదు, లోకంలాగే తప్పులు చేసే బొమ్మని తయారుచెయ్యడం.

స్వర్ణ ఆ బొమ్మని చెవులతో చేసింది. ఘాటీలో ప్రతి మలుపులోనూ హారన్ కొట్టి తీరాలి. ఏ రెండు లారీల హారనూ ఒక్కలా ఉండదు. అందుకని ఘాటీ మొదట్లో ఉన్న టీ బడ్డీ దగ్గరనుంచి పైన చెక్‌పోస్టు వరకూ అక్కడక్కడా పాత సెల్‌ఫోన్లని రేకు డబ్బాల్లో పెట్టి కట్టింది. అవి రికార్డు చేసిన హారన్లని బట్టి ఏ బండి ఎప్పుడు ఏ మలుపు దాటిందో ప్రోగ్రాము గుర్తుపడుతుంది. హారన్ పాడైన బండి ఉంటే? దాన్ని వినలేం కదా. అప్పుడు వెనక బళ్ళు ఆగిన తీరును బట్టి, "ఇక్కడొక చప్పుడు చెయ్యని బండి ఉండుండాలి" అని మోడల్ తనంతట తాను ఊహించుకుంటుంది. ఆ ఏర్పాటు నాకు భలే నచ్చింది. మెచ్చుకున్నాను కూడా.

మొదటిసారి లెక్క నడిపాక స్వర్ణ ల్యాప్‌టాప్ నా బల్ల మీద పెట్టి నావైపు తిప్పింది. ఎక్కిన బళ్ళు, దిగిన బళ్ళు, ఇంకా ఘాటీ మీదున్న బళ్ళు, ఈ మూడూ సరిపోవాలి. ఒక బండి ఎక్కువుంది. హారన్ లేని బండి. ఎక్కడా ఎక్కినట్టు లేదు, దిగినట్టూ లేదు. పగలూ రాత్రీ ఘాటీ మీదే, ఒక మలుపు దగ్గర, కిందివైపు ముఖం పెట్టుకుని ఉంది.

"ఎక్కడో తప్పు రాశావు" అన్నాను.

"నేనూ అదే అనుకున్నాను మాస్టారూ. మొత్తం మళ్ళీ రాశాను. మళ్ళీ వచ్చింది."

ఆదివారం ఇంటికి వెళ్ళినప్పుడు జాన్‌ని అడిగింది. వాడు అన్నం కలుపుతున్నవాడల్లా ఆపేశాడు. "అక్కా, నీకు నిజంగా తెల్దా? అందరూ నాన్నకి సైడిస్తన్నారు."

సంగతి ఇది. ఏసుదానం పోయాక మొదటిసారి ఘాటీ ఎక్కినప్పుడు అప్పలసూరి ఆ మలుపులో బండిని కొండవైపు ఒత్తి ఆపాడు. హారన్ కొట్టాడు. ఒక లారీ పక్కనుంచి దిగిపోయేంతసేపు ఊరుకుని, అప్పుడు కదిలాడు. వెనకున్నవాళ్ళు అతన్ని దాటలేక ఆగారు. మర్నాడు వాళ్ళూ అలాగే ఆగారు. ఏళ్ళు గడిచేసరికి ఏసుదానాన్ని చూడని కుర్ర డ్రైవర్లు కూడా ఆ మలుపులో దానం బండికి సైడివ్వాలని నేర్చుకున్నారు. అతని ఇంటివాళ్ళ ముందు మాత్రం ఎవరూ ఆ మాట ఎత్తరు.

నాకు హాయిగా ఊపిరాడింది. దెయ్యమూ కాదు, తప్పూ కాదు, మర్యాద. అందరూ లేని బండికి దారి ఇస్తుంటే, మోడల్ పాపం అక్కడ బండి ఉందనుకుంది. "రాసి హరిబాబుకి ఇచ్చెయ్. ఆయన టైమంతా పోతున్నది అక్కడే" అన్నాను.

స్వర్ణ ఇవ్వలేదు. ఇంకో రెండు నెలలు రికార్డు చేసింది. తరువాత నాకు ఒక గీత చూపించింది. ఆ బండి ఆగిన చోటే ఉండిపోలేదు. నెలనెలకీ కొంచెం కొంచెం కిందికి వస్తోంది.

దీనికీ నా దగ్గర సమాధానముంది. బళ్ళు ముందుకి పోతుంటే ఆగడం వెనక్కి పాకుతుంది. ట్రాఫిక్ జామ్ ఎప్పుడూ అంతే. ముందువాడు ఆగిన చోటికి కాస్త ఇవతలే వెనకవాడు ఆగుతాడు. రేపు వాడికిది గుర్తు, ఎల్లుండి ఇంకొకడికి ఇంకాస్త ఇవతల గుర్తు. ఎక్కే బళ్ళు కాబట్టి ఆ గుర్తు కిందికే జారుతుంది. బోర్డు మీద సమీకరణం వేసి చూపించాను. స్వర్ణ శ్రద్ధగా విని, "మరైతే డ్రైవర్లకి తెలియాలి కదా మాస్టారూ, మలుపు మారిందని?" అంది.

సరే చూద్దామని ఒకరోజు పొద్దున్నే అప్పలసూరి లారీలో ఎక్కాను. ఎండుచేపల లోడు. ఆ వాసన నా చొక్కాని వారం దాకా వదల్లేదు. నడివయసు దాటిన మనిషి, మాట తక్కువ. ఘాటీలో కొంతదూరం ఎక్కాక బండిని కొండవైపు ఒత్తి ఆపాడు. హారన్ కొట్టాడు. ఇంజను గుడగుడ తప్ప ఇంకేమీ లేదు. వెనక మూడు బళ్ళు ఆగాయి, ఒక్కడూ హారన్ కొట్టలేదు. అప్పలసూరి తలుపు మీద చెయ్యి పెట్టుకుని, ఎదురుగా ఖాళీ రోడ్డుని చూశాడు. ఆ చూపు మెల్లగా పైనుంచి కిందికి, మా కిటికీ పక్కగా వెనక్కి జరిగింది. నిజంగా ఏదో దాటిపోతుంటే చూసినట్టే చూశాడు. అప్పుడు గేరు వేశాడు.

"ఇదేనా ఆ మలుపు?"

"ఇదే మాస్టారు. ఇక్కడే పడ్డాది."

నేను దిగి లోయ అంచున గోడ చూశాను. ఎక్కడా పగల్లేదు. పాత రాళ్ళు, నాచు పట్టి నల్లబడిపోయాయి. కింద చెట్లు తప్ప ఏమీ లేదు.

"గోడ పగల్లేదేం సూరీ?"

అతను కిందికి దిగి వచ్చి గోడని చూశాడు. చాలాసేపు చూశాడు. "మళ్ళీ కట్టినారేటో" అన్నాడు. ఇంకా పైకి, రెండు మలుపులు దాటాక, విరిగిన గోడ కనబడింది. దాని కింద లోయలో తుప్పు పట్టిన క్యాబిను పొదల్లోంచి కొంచెం కనబడింది. అప్పలసూరి అటు తిరిగి చూడకుండా తోలేశాడు. నేనూ మళ్ళీ అడగలేదు. నాకు భయం వేసిందని ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. సమీకరణం బోర్డు మీద ఉన్నంతసేపు నాదే. నాచు పట్టిన గోడ పక్కన నిలబడ్డాక అది నాకు తోడు రాలేదు.

ఈలోగా స్వర్ణ తనతో అన్న సంగతిని జాన్ నోరు ఊరుకోక తల్లికి చెప్పేశాడు. ఎలీసమ్మ కూతురికి ఫోను చేసింది. నేను పక్కనే ఉన్నాను.

"ఒసే స్వర్ణా, మీ నాన్న బండి దిగతన్నాదంట కదే. ఇంకెన్ని మలుపులున్నాయి?"

స్వర్ణ నావైపు చూసింది. చెప్పొద్దని తల అడ్డంగా ఊపాను. "రెండమ్మా" అంది.

"సరే" అని ఎలీసమ్మ ఫోను పెట్టేసింది. ఇంతకాలంగా వాయిదా వేస్తున్న కూడిక సంగతి ఆ రెండు మలుపుల మీద ఆగిందని స్వర్ణకి తెలుసు, నాకూ తెలుసు.

హరిబాబు ఊరుకునే రకం కాదు. ఎక్కడ ఆగుతున్నారో రాసిస్తే చాలు, మర్నాటినుంచి అక్కడ మనిషిని పెట్టి, ఆగిన డ్రైవరుకి బత్తా కోస్తానన్నాడు. అంటే స్వర్ణ ఒక్క కాగితం ఇస్తే ఆ బండి ఇంటికి రాకుండా దార్లోనే అయిపోతుంది. ఇవ్వకపోతే అది చదువుకి ద్రోహం. నేను ఆమె మీద కేకలేశాను.

"నువ్వు లెక్కలు చదివావా, సోది చదివావా? లేని బండి కోసం ఉన్న రిపోర్టు ఆపుతావా?"

"బండి లేదని నాకూ తెలుసు మాస్టారూ" అంది నెమ్మదిగా. "అమ్మ ఉంది కదా. దాన్ని దిగనివ్వండి. తరువాత నేనే ఇస్తాను." హరిబాబుకి ఫోను చేసి, ఇంకా రికార్డింగు చాల్లేదని, వానలు తగ్గాక ఇస్తానని అబద్ధం చెప్పింది. ఆ పిల్ల నోట నేను విన్న అబద్ధం అదొక్కటే.

మరుసటి ఏడు ఆగస్టులో మోడల్ ఆ బండిని చిట్టచివరి మలుపులో చూపించింది. అది తెలిసి ఎలీసమ్మ టీ బడ్డీ దగ్గరికి వెళ్తానని పట్టుబట్టింది. ఒక్కదాన్నే పంపలేక స్వర్ణ వెళ్ళింది. స్వర్ణని ఒక్కదాన్నే పంపలేక, తిట్టుకుంటూ నేనూ వెళ్ళాను.

మధ్యాహ్నం. వాన వెలిసింది గాని కొండంతా మబ్బులో ఉంది, నాలుగు బారల అవతల రోడ్డు కనపడటం లేదు. టీ బడ్డీకి పైనే ఆ మలుపు. అప్పలసూరి బండి మా ముందునుంచే ఎక్కింది, మమ్మల్ని చూసి చెయ్యెత్తాడు. మలుపులో కొండవైపు ఒత్తి ఆగాడు, హారన్ కొట్టాడు. అతని వెనక వరసగా బళ్ళు ఆగాయి. అన్నీ కొండని ఆనుకుని ఒకే గీత మీద. లోయవైపు సగం రోడ్డు ఖాళీగా, తడిగా మెరుస్తోంది. ఇంజన్లు కూడా ఎవరో చెప్పినట్టు ఒకటొకటీ ఆపేశారు. ఎందుకు ఆపారో తరువాత ఎవరూ చెప్పలేకపోయారు.

అప్పుడు మబ్బులోంచి ఒక లారీ వచ్చింది.

చప్పుడు లేదు. హారన్ లేదు. టైర్ల కింద నీళ్ళు చిమ్మే శబ్దం మాత్రం. వరసగా ఆగిన బళ్ళ పక్కనుంచి, ఆ ఖాళీలోంచి, చెయ్యి పట్టేంత సందు మిగుల్చుకుని దూసుకొచ్చింది. మా ముందునుంచి పోతుంటే డ్రైవరు సీట్లో మనిషిని చూశాను. జాన్.

బండి చదునుకి వచ్చి, రోడ్డు వదిలి, వరిమడిలోకి దిగి బురదలో ఇరుసుల దాకా కూరుకుని ఆగింది. చింతపండు బస్తాలు మడంతా చెదిరాయి. మేం పరిగెత్తేసరికి జాన్ తలుపు తీసుకుని మడిలో మోకాళ్ళ మీద పడ్డాడు.

"గాలి పోయిందమ్మా. గేరు పడలేదు. హారన్ కొట్టాను, రాలేదు. ఎదురుగా ఏ బండున్నా అయిపోదును. ఒక్కడూ అడ్డం లేడు. నేనొచ్చే టైముకే మీరందరూ ఎలా ఆగినారు?"

అప్పలసూరి మలుపులోంచి దిగి వచ్చి, మడి గట్టు మీద కూలబడి, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఎలీసమ్మ కొడుకు తల మీది బురదని చెంగుతో తుడిచి, అప్పలసూరి దగ్గరికి వెళ్ళి నిలబడింది. "లెగన్నా" అంది. "సైడిచ్చినావు కదా."

ఆ మర్నాటినుంచి అక్కడ ఎవరూ ఆగలేదు. ఆగొద్దని ఎవరూ చెప్పలేదు కూడా. స్వర్ణ లెక్క నడిపితే ఎక్కిన బళ్ళూ దిగిన బళ్ళూ సరిపోయాయి. హరిబాబుకి రిపోర్టు ఇచ్చింది, ఘాటీలో ఎక్కడా టైము పోవడం లేదని. అది నిజమే.

నేను ఇప్పటికీ కాకతాళీయమనే అంటాను. ఒక అలవాటు జారి జారి ఒక చోటికి వచ్చింది, అదే రోజు ఒక బండికి గాలి పోయింది. ఇలాంటివి జరుగుతాయి. నన్ను ఇబ్బంది పెట్టేది వేరే ఉంది.

టీ బడ్డీ డబ్బాలోని ఫోను ఆ మధ్యాహ్నం మొత్తం రికార్డు చేసింది. అప్పలసూరి హారన్ ఉంది. తరువాత ఇంజన్లు ఒక్కొక్కటీ ఆగడం ఉంది. ఆ తరువాత, జాన్ బండి టైర్ల చప్పుడు రావడానికి కాస్త ముందు, పైనుంచి చాలా దూరంగా ఒక హారన్ ఉంది. రెండు స్వరాలు. ప్రోగ్రాముకి ఆ బండేదో తెలియలేదు. అప్పలసూరి హారనే కొండకి తగిలి తిరిగొచ్చిందేమోనని, ఆ లోయ కొలతలన్నీ పెట్టి నేను నెలరోజులు ప్రతిధ్వని లెక్క కట్టాను. కొండ ఒక స్వరాన్ని పలచన చేస్తుంది, ఆలస్యం చేస్తుంది, రెండుసార్లు చెబుతుంది. 'ప'ని కిందికి జార్చదు. ఆ స్వరం నా లెక్కలో ఎటునుంచీ రాలేదు.

జాన్ బండి మడిలోకి దిగిన ఆ సాయంత్రమే సాలూరులో వాళ్ళింట్లో స్వర్ణ దాన్ని తల్లికి వినిపించింది. వినిపించొద్దని నేను అంటూనే ఉన్నాను. ఎలీసమ్మ కళ్ళు మూసుకుని విన్నది. మళ్ళీ పెట్టమని అడగలేదు. జాన్ భుజం పట్టుకుని లేచి, "ఆదివారం కూడిక పెడదాం, పాస్టరుగారికి సెప్పు" అంది. తరువాత వంటింట్లోకి వెళ్ళింది. లోపల కంచం పెట్టిన చప్పుడు మా ముగ్గురికీ వినపడింది.